సరిహద్దు విశ్వవిద్యాలయాల్లో మన పిల్లలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఒడిశా దక్షిణ జిల్లాల్లోని తెలుగు కుటుంబాల నుంచి పై చదువుల విషయమై వచ్చిన ఉత్తరాల్లో ఐదింటిని ఈ నెల ఎంచుకున్నాను. గంజాం నుంచి మల్కన్‌గిరి వరకు ఉన్న ఈ ప్రాంతంలో ఒడియా, తెలుగు, దేశియా, కువి, సవర, బెంగాలీ మాట్లాడే ఇళ్ళ పిల్లలు ఒకే తరగతి గదిలో పక్కపక్కన కూర్చుంటారు. ఇక్కడి కళాశాలల్లో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని కాబట్టి, ఈ ఉత్తరాలు నాకు ఆ పిల్లలే ఎదురుగా నిలబడి అడిగినట్లున్నాయి. రాసినవారు కోరినందువల్ల వారి పేర్లు గాని, వారు చదివే సంస్థల పేర్లు గాని ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా ఇంట్లో తెలుగే మాట్లాడతాము గాని నేను పదో తరగతి వరకు ఒడియా మాధ్యమంలో చదివాను. నాకు తెలుగు చదవడం, రాయడం రాదు. ఈ ఉత్తరం మా అమ్మ చేత రాయిస్తున్నాను. ఇప్పుడు ఎం.ఎస్సీ. మొదటి ఏడాదిలో ఉన్నాను. నోట్సు ఇంగ్లీషులో ఇస్తారు, వివరణ ఒడియాలో సాగుతుంది. లేచి అడగాలంటే ఇంగ్లీషు తడబడుతుంది, ఒడియాలో అడిగితే నా యాసకు వెనక బల్లలవాళ్ళు నవ్వుతారు. రెండు నెలలుగా తరగతిలో నోరు విప్పలేదు. నేనేం చేయాలి?
(విద్యార్థిని, రాయగడ)

జవాబు: అమ్మా, ఏటా కొందరు పిల్లలు వెనకబడడం నేను చూశాను. వాళ్ళలో తెలివి చాలక వెనకబడినవాళ్ళు అరుదు, అడగలేక వెనకబడినవాళ్ళే ఎక్కువ. మొదటి సెమిస్టరులో ఒక సందేహాన్ని మింగేసిన విద్యార్థి, రెండో సెమిస్టరులో ఆ సందేహం మీద కట్టిన పాఠమంతా పోగొట్టుకుంటాడు. కాబట్టి మీ సమస్యను చిన్నదిగా చూడకండి, అలాగని అది మీ లోపమని కూడా అనుకోకండి.

చాలా ఏళ్ళ కిందట ప్రయోగశాలలో ఒక అబ్బాయి రికార్డు దిద్దుతుండగా పేజీ అంచున పెన్సిలుతో రాసిన ఒడియా అక్షరాలు కనిపించాయి. కూడబలుక్కుని చదివితే అది ఒడియా కాదు, తెలుగు. "జీరో ఎర్రర్ ఎప్పుడూ తీసెయ్యాలా, కలపకూడదా?" అని ఉంది. తెలుగులో ఆలోచించి, చేతికి వచ్చిన లిపిలో రాసుకుని, ఎవరికీ చూపకుండా దాచుకున్న ప్రశ్న అది. ఏమీ కొలవనప్పుడు కూడా పరికరం సున్నా చూపకపోతే ఆ తేడాను జీరో ఎర్రర్ అంటారు. ఆ దోషం ధనమైతే కొలతలోంచి తీసెయ్యాలి, రుణమైతే కలపాలి. ఆ రెండో సంగతి ఆ రోజు తరగతిలో చెప్పడం నేనే మరిచిపోయాను. ఆ అబ్బాయి లేచి అడిగి ఉంటే ముప్పై మందికి మేలు జరిగేది. అతను అడగకపోవడానికి నా తరగతి నడిచిన తీరే కారణమని గ్రహించడానికి నాకు చాలా రోజులు పట్టింది.

మీరు కూడా అలాగే రాయండి, కాని దాచకండి. తరగతి జరుగుతుండగా ఏ మాటలో తోస్తే ఆ మాటలో, ఏ లిపి వస్తే ఆ లిపిలో ప్రశ్నను పుస్తకంలో దించండి. పాఠం అయ్యాక అధ్యాపకుల గదికి వెళ్ళి ఆ పుటనే చూపించి, మీకు వచ్చిన ఒడియాలోనే అడగండి. మొదటి రెండుసార్లు ఒంటరిగా వెళ్ళడం కష్టమనిపిస్తే అదే సందేహం ఉన్న మరొకరిని వెంట తీసుకువెళ్ళండి. అలాంటివారు మీ తరగతిలో తప్పకుండా ఉంటారు. ఇలా నాలుగైదుసార్లు జరిగితే అధ్యాపకులకు మీ ముఖం, మీ ఆలోచన పరిచయమవుతాయి. ఆ తరువాత తరగతిలో చెయ్యెత్తడం ఇప్పుడు అనిపిస్తున్నంత కష్టంగా ఉండదు.

పరీక్షల సంగతి కూడా చెప్పాలి. కోర్సు ఇంగ్లీషు మాధ్యమంలో ఉన్నా, విద్యార్థులు కోరితే స్థానిక భాషలో జవాబులు రాయనివ్వాలని 2023 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) అప్పటి అధ్యక్షులు ఎం. జగదీశ్ కుమార్ విశ్వవిద్యాలయాలకు లేఖ రాశారు. అది విజ్ఞప్తి మాత్రమే, అమలు చేయడం ఆయా విశ్వవిద్యాలయాల చేతిలో ఉంది. మీకు ధారాళంగా రాయగలిగిన భాష ఒడియా కాబట్టి, మీ పరీక్షల విభాగానికి ఇప్పుడే అర్జీ పెట్టి లిఖితపూర్వకంగా సమాధానం అడగండి. పరీక్ష వారం ముందు అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు.

మరొక్క మాట. ఒడియా వర్ణమాల, తెలుగు వర్ణమాల దాదాపు ఒకే వరసలో నడుస్తాయి. ఒడియా చదివే మీకు తెలుగు అక్షరాలు కొత్త ఆకారాలే గాని కొత్త శబ్దాలు కావు. అమ్మ దగ్గర రోజూ పావుగంట కూర్చుంటే వచ్చే సెలవుల నాటికి ఈ పత్రికకు మీరే ఉత్తరం రాయగలరు. దాని కోసం ఎదురుచూస్తాను. యాసకు నవ్వేవాళ్ళ గురించి నాలుగో జవాబులో రాశాను, చదవండి.

ప్రశ్న: మా తాతగారు విజయనగరం వైపు నుంచి గుణుపురం వచ్చి స్థిరపడ్డారు. మాకు ఆంధ్రలో ఇచ్చిన షెడ్యూల్డు కులం ధ్రువపత్రం ఉంది. మా అబ్బాయి డిగ్రీలో చేరినప్పుడు ఈ పత్రం ఇక్కడ చెల్లదన్నారు. ఇది న్యాయమేనా? వాడి చదువు సాగే దారి చెప్పండి.
(ఒక తండ్రి, గుణుపురం)

జవాబు: అయ్యా, షెడ్యూల్డు కులాల, తెగల జాబితాలు రాష్ట్రాల వారీగా ఉంటాయి. ఒక రాష్ట్రపు జాబితాలో ఉన్నవారు మరో రాష్ట్రానికి వలస వెళితే ఆ కొత్త రాష్ట్రంలో ఆ హోదాతో ప్రవేశాలు కోరడానికి వీలులేదని 1990లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కళాశాల వారు దాని ప్రకారమే మాట్లాడి ఉంటారు. అయితే మీ విషయంలో ముందు తేలవలసింది వేరే ఉంది: మీ తాతగారు ఎప్పుడు వచ్చారు?

షెడ్యూల్డు కులాల రాజ్యాంగ ఉత్తర్వు 1950 ఆగస్టు 10న వెలువడింది. ఆ తేదీ నాటికే మీ కుటుంబం గుణుపురంలో నివాసముంటే మీరు వలస వచ్చినవారి కిందికి రారు. పైగా 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గుణుపురం, రాయగడ, కొరాపుట్ అన్నీ మద్రాసు రాష్ట్రంలో విశాఖపట్నం జిల్లాలోనివే, విజయనగరమూ అప్పుడు ఆ జిల్లాలోదే. మీ తాతగారు అంతకు ముందు వచ్చి ఉంటే ఆయన రాష్ట్రం మాట అటుంచి జిల్లా కూడా మారలేదు, ఆయనకు, ఆయన సొంత ఊరికి మధ్య సరిహద్దు తరువాత వచ్చింది. పాత పట్టా, శిస్తు రసీదు, బడి రిజిస్టరు, ఓటర్ల జాబితా వంటివి వెతకండి. మీ కులం పేరు ఒడిశా జాబితాలో కూడా ఉందో లేదో చూసుకుని, రెండూ కలిస్తే తహసీల్దారు కార్యాలయంలో ఒడిశా ధ్రువపత్రానికే దరఖాస్తు చేయండి.

1950 తరువాత వచ్చి ఉంటే ఒడిశా రాష్ట్ర కోటా మీకు వర్తించదు. అయినా కేంద్ర సంస్థల్లో మీ మూల రాష్ట్రపు హోదా నిలుస్తుంది. 2009లో ఏర్పడిన కొరాపుట్‌లోని కేంద్రీయ విశ్వవిద్యాలయం అలాంటిదే. ఇవి కాక, కులంతో నిమిత్తం లేకుండా పన్నెండో తరగతి బోర్డు పరీక్షలో 80వ పర్సెంటైల్ దాటినవారికి, అంటే నూటికి ఎనభై మంది కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవారికి, కుటుంబ వార్షికాదాయం రూ. 4.5 లక్షలు మించకపోతే, కేంద్రప్రభుత్వ స్కాలర్‌షిప్పు ఒకటి ఉంది. జాతీయ స్కాలర్‌షిప్పు పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. గడువు దాటితే ఆ ఏడాదికి మరి అవకాశం ఉండదు గనుక ఈ వారమే చూడండి.

ప్రశ్న: మా అబ్బాయికి చూపు చాలా తక్కువ. పరీక్షలో రాసిపెట్టే మనిషిని ఇస్తారా? అదనపు సమయం అడిగితే తప్పుగా చూస్తారేమోనని వాడు వెనుకాడుతున్నాడు.
(ఒక తల్లి, జయపురం)

జవాబు: అమ్మా, ఇది ఎవరి దయా కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో లేఖకుడి సహాయం, అదనపు సమయం ఉన్నాయి. అదనపు సమయం గంటకు 20 నిమిషాలకు తగ్గకూడదు. అంటే మూడు గంటల పరీక్షకు మరో గంట. 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్నట్లు ధ్రువపత్రం ఉన్నవారికి ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థల సీట్లలో కనీసం 5 శాతం కేటాయించాలి, వయోపరిమితిలో అయిదేళ్ళ సడలింపు కూడా ఇవ్వాలి. జిల్లా ఆసుపత్రి ధ్రువపత్రం నకలు జతచేసి సెమిస్టరు మొదట్లోనే అర్జీ ఇప్పించండి. ఒక్క జాగ్రత్త: లేఖకుడికి బాబు చెప్పే భాష బాగా తెలిసి ఉండాలి. తెలుగు ఉచ్చారణతో చెప్పే ఇంగ్లీషు మాటలు అలవాటు లేని లేఖకుడు తప్పుగా రాసిన సందర్భాలు నాకు తెలుసు. పరీక్షకు ముందు ఒక పాత ప్రశ్నపత్రంతో ఇద్దరినీ కూర్చోబెట్టి సాధన చేయించండి.

ప్రశ్న: నేను శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి కొరాపుట్ ప్రాంతంలో చదువుతున్నాను. హాస్టల్లో తెలుగువాళ్ళం పది మందిమి ఉన్నాము, భోజనాల దగ్గర ఒకే బల్ల. నా గదిలో ఉండే అమ్మాయి కువి మాట్లాడే కుటుంబం నుంచి వచ్చింది. ఆమె ఫోనులో వాళ్ళ అమ్మతో మాట్లాడుతుంటే మావాళ్ళు అనుకరించి నవ్వుతారు. తను ఇప్పుడు మెట్ల దగ్గరికి వెళ్ళి మాట్లాడుకుంటోంది. వార్డెనుకు చెబితే మావాళ్ళు నన్ను వెలివేస్తారు. చెప్పకపోతే మనసొప్పడం లేదు.
(విద్యార్థిని, కొరాపుట్)

జవాబు: ఒక పిల్ల తల్లితో మాట్లాడుకోవడానికి మెట్ల దగ్గరికి పోవలసి వచ్చిందంటే, ఆ గది అద్దె తను కడుతున్నా తనది కాకుండా పోయినట్లే. మీకు మనసొప్పకపోవడం సరైనదే.

మీ స్నేహితులకు ముందు ఒక సంగతి చెప్పండి. కువి, కుయి భాషలు ద్రావిడ భాషలు. తెలుగు పుట్టిన కొమ్మలోనివే. కువిలో ఇంటిని 'ఇల్లు' అనే అంటారు. ఒడియాకు, హిందీకి లేని చుట్టరికం వాటికి మన భాషతో ఉంది. మీరు ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని నీళ్ళను, నిప్పును, కంటిని, చేతిని ఏమంటారో అడిగి చూడండి. సగం మాటలకు మీకే ఆశ్చర్యం వేస్తుంది. ఆమె ఇంటి నుంచి తెచ్చుకునే మండియా పిండి, మీ శ్రీకాకుళం ఇళ్ళలో అవ్వలు అంబలి కాచే చోడిపిండి, రెండూ ఒకటే. ఎవరినో కొత్తవారిని చూసి నవ్వుతున్నామని మీవాళ్ళు అనుకుంటున్నారు గాని, వాళ్ళు నవ్వుతున్నది దగ్గరి చుట్టాన్ని చూసి.

రేపటి భోజనానికి ఆమెను మీ బల్లకు తీసుకురండి. ఒకరిద్దరు ముఖం చిట్లించినా మిగిలినవారు సర్దుకుంటారు. పది మందిలో కనీసం ముగ్గురికి మీకున్న బాధే ఉండి, ఎవరు ముందు మాట్లాడతారా అని చూస్తూ ఉంటారని నా నమ్మకం.

అప్పటికీ వెక్కిరింత ఆగకపోతే వార్డెనుకు రాసి ఇవ్వండి. ర్యాగింగ్‌పై 2009లో వచ్చిన యూజీసీ నిబంధనలను 2016లో సవరించారు. భాష, ప్రాంతం, జాతి, కులం, ఆర్థిక స్థితి కారణంగా తోటి విద్యార్థిని వేధించడం, వెలివేయడం కూడా ర్యాగింగే అని అందులో స్పష్టంగా ఉంది. కొట్టడమే ర్యాగింగ్ అని చాలామంది ఇంకా అనుకుంటున్నారు. జాతీయ సహాయ సంఖ్య 1800-180-5522. ఫిర్యాదు చేసే ముందు ఆ అమ్మాయి అంగీకారం తీసుకోవడం మరువకండి. పడుతున్నది ఆమె, ఏం చేయాలో చెప్పవలసిందీ ఆమే.

ప్రశ్న: నేను విజయనగరం వాడిని, ఒడిశాలో అతిథి అధ్యాపకుడిగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. నా తరగతిలో ఐదారు భాషల పిల్లలున్నారు. కొందరు ఇంగ్లీషు మాధ్యమం నుంచి, కొందరు ఆశ్రమ పాఠశాలల నుంచి వచ్చారు. అందరికీ ఒకే రకంగా చెప్పడమే న్యాయమని మా విభాగంలో పెద్దలంటారు. విడిగా శ్రద్ధ చూపితే పక్షపాతమంటారు. ఎలా నడుచుకోవాలి?
(అధ్యాపకుడు, కొరాపుట్ జిల్లా)

జవాబు: మాస్టారూ, ఒకే రకంగా చెప్పడం వల్ల అందరికీ ఒకేలా అందదని మీకు తెలుసు, అందుకే ఈ ఉత్తరం రాశారు. మీ పెద్దలతో వాదనకు దిగకండి. విడిగా కొందరికి చేసే పనుల కంటే తరగతి మొత్తానికి చేస్తూనే వెనక ఉన్నవాళ్ళకు ఎక్కువగా అందే పనులు కొన్ని ఉన్నాయి, వాటిని పక్షపాతమని ఎవరూ అనలేరు.

మొదటిది మాటల పట్టిక. నేను ప్రతి యూనిట్‌కు ముందు ఒక చార్టు గోడకు తగిలించేవాడిని. మాస్ (వస్తువులో ఉన్న పదార్థం ఎంతో చెప్పేది) అన్న మాటకు ఒడియా పుస్తకాల్లో 'బస్తుత్వ' అని, తెలుగు పుస్తకాల్లో 'ద్రవ్యరాశి' అని ఉంటుంది. వెయిట్‌కు (భూమి ఆ వస్తువును లాగే బలానికి) ఒడియాలో 'ఓజన', తెలుగులో 'భారం'. ఇక్కడే ఒక చిక్కుంది. సంతలో కూరగాయలు తూచేటప్పుడు ఒడియావాళ్ళు 'ఓజన' అన్నా, మనం 'బరువు' అన్నా చెప్పేది కిలోల్లోనే. అంటే వెయిట్ పేరు పెట్టి మాస్‌ను చెబుతున్నాము. ఆ అయోమయం రెండు భాషల పిల్లలకూ ఒకే చోట వస్తుంది. చార్టు ముందు నిలబడి "మీ ఊళ్ళో ఏమంటారు?" అని అడిగితే దేశియా పిల్లవాడు ఒక మాట, సవర పిల్లవాడు ఒక మాట చెబుతాడు. పాఠం అక్కడ మొదలుపెట్టండి. ఇంగ్లీషు మాధ్యమం పిల్లలకు కూడా ఈ తేడా అప్పుడే నిజంగా తలకెక్కుతుంది, అంతకు ముందు వాళ్ళు నిర్వచనాన్ని వల్లించేవారు.

భాషను ఇంత పట్టించుకోవడం అతిశయమని ఎవరైనా అంటే, ఈ నేల మీదే పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారిని గుర్తు చేయండి. తెలుగువారై ఉండి ఆయన సవర భాష నేర్చుకుని, ఆ భాషలో పాఠాలు తయారుచేసి, సవర పిల్లలకు బడి పెట్టారు. 1936లో మంగేయి గమాంగో సవరకు సొంత లిపి కల్పించారు. మీ తరగతిలోని సవర విద్యార్థికి ఈ సంగతులు తెలియకపోవచ్చు. మీరు చెబితే అతను తల ఎత్తి కూర్చుంటాడు.

రెండోది చీటీలు. వారానికి ఒక రోజు చివరి పది నిమిషాలు పాఠం ఆపి, అందరికీ చిన్న కాగితం ముక్కలు పంచి, ఈ వారం అర్థం కానిది ఒక్క వాక్యంలో రాయమనండి. పేరు అక్కరలేదు, ఏ భాషైనా ఫరవాలేదు. మీకు చదవడం రాని లిపిలో ఉంటే తరగతిలోనే ఎవరో చదివి పెడతారు. మరుసటి తరగతిలో ఎక్కువమంది రాసిన రెండు సందేహాలు తీసుకుని మొదట వాటికి జవాబు చెప్పండి. ఈ పనికి డబ్బు అక్కరలేదు, విభాగాధిపతి అనుమతి అక్కరలేదు.

ప్రయోగశాల జట్లను హాజరుపట్టీ వరసలో కాక మీరే కూర్చండి. స్నేహితులను విడదీస్తున్నానని బాధపడకండి. ప్రతి జట్టులోనూ కొలతలు తీసేవారిని, లెక్క వేసేవారిని, రాసేవారిని వారం వారం మార్చండి. లేకపోతే ఇంగ్లీషు బాగా వచ్చినవాడే ప్రతిసారీ రికార్డు రాస్తాడు, ఆశ్రమ పాఠశాల నుంచి వచ్చిన పిల్ల ఏడాదంతా స్టాండు పట్టుకుని నిలబడుతుంది. ఇది నా ప్రయోగశాలలోనే జరిగింది. ఏడాది చివర ఆ అమ్మాయి చేత మైక్రోమీటరు చదివించినప్పుడు, దాన్ని చేత్తో పట్టుకోవడం అదే మొదటిసారి అని చెప్పింది. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

పరీక్ష తేదీలు మీ చేతిలో ఉన్నంత వరకు పుష పరబ్, చైత పరబ్ పండుగ రోజులకు దూరంగా పెట్టండి. జనవరిలో పుష పరబ్‌కు, ఏప్రిల్‌లో చైత పరబ్‌కు పిల్లలు కొండ ఊళ్ళకు పోకుండా ఉండరు, పోవడమూ సరైనదే. సంక్రాంతికి మనం ఇంటికి పోమా? ఇంటర్నల్ పరీక్ష తప్పిన పిల్లవాడికి హాజరు తక్కువ పడి, దాని వెంట స్కాలర్‌షిప్పు ఆగి, చివరికి చదువే మానేసిన సందర్భాలున్నాయి.

మీ పరిధి దాటిన సమస్య వస్తే విద్యార్థికి దారి చూపండి. 2023 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలోనూ విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, అందులో విద్యార్థి ప్రతినిధి ఒకరుండాలి. ఆ కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. దానితో తృప్తి చెందకపోతే అంబుడ్స్‌పర్సన్‌కు (ఫిర్యాదులపై అప్పీళ్ళు వినే అధికారికి) అప్పీలు చేసుకోవచ్చు. చాలామంది పిల్లలకు ఆ కమిటీ ఉన్నట్లే తెలియదు కాబట్టి మీ చార్టు పక్కనే ఆ సభ్యుల పేర్లు కూడా అంటించండి.

మీరు అవతలి రాష్ట్రం నుంచి వచ్చినవారు కనుక మీ మాట ఇక్కడ చెల్లుతుందా అన్న సంశయం మీ ఉత్తరంలో అక్కడక్కడ కనిపించింది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారి పేరు ఆంధ్ర విశ్వవిద్యాలయం సైన్సు కళాశాలకు ఉంది. అదే పేరున్న జయపురం కళాశాల 2023లో విశ్వవిద్యాలయమైంది. ఇటువైపు సంపద అటువైపు చదువుకు వెళ్ళిన రోజులున్నాయి, ఇప్పుడు మీరు అటు నుంచి ఇటు వచ్చారు. ఈ సోమవారమే చీటీలు మొదలుపెట్టండి. మొదటి వారం నాలుగైదు కంటే రాకపోవచ్చు, వచ్చినవాటిలో రెండు ఖాళీగానూ ఉండవచ్చు. ఆ ఖాళీ చీటీలను పారేయకండి, వాటి మీద తేదీ వేసి దాచండి. మూడో నెలలో వచ్చిన చీటీలతో వాటిని పోల్చి చూసుకుని నాకు మళ్ళీ రాయండి.